గోనెపట్టలో నూరు గింజలు

రాప్తాడు దాటి బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊరి బడిలో పుష్పావతి టీచరు తొంభై ఎనిమిదిలో చేరింది. ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పేది. బడిలో ఉన్న సామానంతా ఒక భూతద్దం, అంచు పగిలిన గాజు గ్లాసు. పాఠం మొదలుపెట్టే ముందు కదిరి నరసింహస్వామిని ఒక్క క్షణం తలుచుకునేది. తాను చెప్పింది పిల్లల ఇళ్లకు పనికిరావాలని, అంతే ఆమె కోరిక.

రెండు వేల మూడు, జూన్ నెల. ముందటేడు వానల్లేక ఊళ్లో ఎవరికీ వేరుశెనగ కాయ పండలేదు. బడి తెరిచిన వారానికి ఏడో తరగతిలో మొలకల పాఠం వచ్చింది. తలా పది శెనక్కాయ విత్తనాలు తెమ్మంది టీచరు. అందరూ తెచ్చినారు, లక్ష్మీనరసమ్మ తప్ప. మరునాడూ ఆ పిల్లవి వట్టి చేతులే. టీచరు గోడ పక్కన నిలబెట్టింది.

మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి ఆంజినమ్మ వచ్చింది, చేతిలో చెంబెడు అంబలితో. ఎండలో నడిచొస్తుందని టీచరుకు అప్పుడప్పుడూ తెచ్చిచ్చేది.

"పిల్లదాని తప్పేం లేదమ్మా. తొలి గొర్రు కట్టి విత్తేదాకా మా ఇంట్లో విత్తనం గడప దాటనీము. అందరూ కొత్తది కొన్నారు. మాది మొన్నటేటిదే. ఒలిచి మూటలు కట్టి దేవుని పటం ముందర పెట్టుకున్నాం."

టీచరుకు మొదట సిగ్గేసింది, తర్వాత భయమేసింది. రెండేళ్ల నాటి విత్తనం. మొలవకపోతే ఆ ఇల్లు ఈ ఏడు ఏం తింటుంది? పిల్లను దగ్గరికి పిలిచి తల నిమిరింది. "తెలీక నిలబెట్టినా తల్లీ" అంది.

సాయంత్రం తానే వాళ్లింటికి పోయింది. "విత్తనం బయటికి రానక్కర్లేదు గురప్పన్నా. పాఠమే లోపలికొస్తుంది."

లక్ష్మీనరసమ్మ నాయన గురప్ప నవ్వినాడు. "రానీమ్మా. నేను మూడో తరగతిలో ఇడిసిపెట్టింది ఈడ మొదలుపెడతా."

నూరు గింజలు ఏరి, తడి గోనెపట్టలో వరుసగా పేర్చి, చుట్టి పటం ముందరే పెట్టినారు. ఎన్ని మొలుస్తాయో వారం చూద్దాం, అంతదాకా విత్తొద్దు అంది టీచరు. పిల్ల పూటపూటా నీళ్లు చల్లింది.

ఐదో రోజు తెల్లవారుజామున వాన పడింది. టీచరు ఊళ్లోకొచ్చేసరికి అందరి గొర్లూ చేలల్లో ఉన్నాయి. గురప్ప గొర్రు మాత్రం వాకిట్లోనే ఉంది. పక్కింటి నల్లప్ప ఎద్దులు తోలుకుంటా ఆగినాడు.

"ఏమప్పా, నేల పదును ఆరిపోతాండాది. నీ గోనెపట్టకు వాన కాచుకోనుంటాదా?"

గురప్ప టీచరు వైపు తిరిగి "నీ మాట మింద నిలిచినానమ్మా" అన్నాడు.

పదును ఉండేది రెండు రోజులే. ప్రాణమున్న గింజ ఈపాటికి వేరు పెట్టి ఉండాలి. టీచరు లోపలికి పోయి పటానికి దండం పెట్టి, గోనెపట్ట విప్పమంది.

లక్ష్మీనరసమ్మ ఒక్కొక్క గింజా తాకి లెక్కపెట్టింది. వేరు పెట్టినవి ఇరవై ఎనిమిది. తక్కినవి ఉబ్బిపోయి, బూజు పట్టి ఉన్నాయి. టీచరు మళ్లీ లెక్కపెట్టించింది. అంతే.

ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకో రెండు మూడు మొలవొచ్చన్నా. అంతకు మించి ఆశ చెప్పలేను" అంది టీచరు.

గురప్ప కూర్చుని బూజు పట్టిన గింజొకటి అరచేతిలోకి తీసుకున్నాడు. "మూడెకరాలూ విత్తుంటే మూడూ బోడిగా ఉండేవి."

"మూడెకరాల విత్తనమంతా ఒక్కెకరాకే పోస్తే నాయనా?" అంది కూతురు. "పలచనైనా ఎకరా నిండుతాది."

గురప్ప కూతురు మొహం చూసినాడు. లేచి ఒక మూట భుజానికెత్తుకున్నాడు. "తక్కిన రెండెకరాలకు స్వామి ఇంకో వాన ఇస్తే ఉలవలు చల్లుదాం. పాండి."

వాకిట్లో నిలబడి అంతా విన్న నల్లప్ప తన పని ఆపి, గొర్రు వాళ్ల చేనుకు మళ్లించినాడు. "ఇద్దరం పడితే పొద్దుగూకేలోగా అయిపోతాదిలే" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

పన్నెండు రోజుల తర్వాత లక్ష్మీనరసమ్మ బడికి ఆలస్యంగా వచ్చింది. కాళ్లకు ఎర్రమట్టి.

"చేను చూసొచ్చినా టీచర్. సాలులో నా అడుగుతో పది అడుగులు కొలిచినా. నల్లప్ప మామ చేన్లో ముప్పై మొలకలుండాయి. మాది పద్దెనిమిది."

టీచరు రెండు అంకెలూ బోర్డు మీద రాసింది. మూడెకరాలకూ పోసుంటే పద్దెనిమిది కాదు, ఆరే ఉండేవని పక్కన ఇంకో అంకె వేసింది.