గడ్డ, గెడ్డ

పక్కవాడి యాసకు నవ్వుతారు సరే, వాడన్న మాటకు అర్థమేమిటని ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. అందువల్ల ఒక మనిషి థార్ ఎడారిలో దాదాపు నాలుగు గంటలు నీళ్లు లేకుండా పడి ఉన్నాడు.

బాడ్మేర్ స్టేషన్‌లో దిగింది మే నెలలో, ఉదయం ఆరూ ఇరవైకి. డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చి, రెండు వారాలకే వెనక్కి పోయిన తర్వాతి ఎండాకాలం అది. మాది కొత్తగూడ. మా నాన్న జొన్న వేసిన చెల్కల్లో అప్పటికే అద్దాల ఆఫీసులు లేచాయి. నేను సైన్యంలో డిస్పాచ్ రైడర్‌ని. బైకు మీద కాగితాలూ రేడియో సెట్లూ మోసుకుపోవడం నా పని.

మాకు అందిన ఉత్తర్వు చిన్నది. రెండు బైకులు, ఒక జీపు. బాడ్మేర్ నుంచి జైసల్మేర్ మీదుగా బికనీర్ దాకా, తారు రోడ్డు వదిలి ఇసుక బాటల్లో, ఆరు రోజులు. బండ్లు ఎంత తట్టుకుంటాయో, సెట్లు ఎంత దూరం పలుకుతాయో రాసి తేవాలి. జీపులో సుబేదార్ సాబ్, డ్రైవర్. ఒక బైకు మీద నేను, రెండో దాని మీద మెకానిక్. అతనిది శ్రీకాకుళం జిల్లా. ఆ నలుగురిలో తెలుగువాళ్లం మేమిద్దరమే.

ఇసుకలో బండి నడపడం నాకు నేర్పింది అతనే. టైరులో గాలి తగ్గిస్తే బండి ఇసుక మీద తేలుతుంది. చైనుకు నూనె ఎక్కువైతే ఇసుక అంటుకొని పళ్లు అరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్ రెండు గంటలకొకసారి దులపాలి. హ్యాండిల్ బిగించి పట్టుకున్నవాడే ముందు పడతాడు. ప్రతిదానికీ ఎందుకని అడిగాను. ప్రతిదానికీ కారణం చెప్పాడు. యంత్రం గురించి అన్ని ప్రశ్నలు వేసినవాణ్ణి, మనిషి మాట గురించి ఒక్కటీ వేయలేదు.

మూడో రోజు సాయంత్రం ఆరుకు ఒక చౌకీ దగ్గర ఆగాం. అక్కడి ఫోన్లో మా అన్నతో మాట్లాడాను. తెలంగాణ కోసం కొత్తగూడ చౌరస్తాలో ఆఫీసు బస్సులు ఆపి కూర్చున్నామని చెప్పాడు. వేడి మీద తిరిగొచ్చి, మెకానిక్ ఎదుట కూర్చొని అన్నాను: "ఇగ ఆగేది లేదు. ఆ గడ్డ మాది."

అతను చాయ్ ఊదుకుంటూ నా వైపు చూశాడు. "గెడ్డ మీదైతే మరి నీల్లు ఎవులివి గురూ?"

నాకు ఒళ్లు మండింది. కృష్ణా నీళ్ల లెక్క తీసి వెక్కిరిస్తున్నాడనుకున్నాను. నీళ్లు మీరే తోడుకపోయిండ్రు గద అని గట్టిగానే అన్నాను. అతను గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. సుబేదార్ సాబ్‌కు తెలుగు రాదు, తగాదా మాత్రం అర్థమైంది. ఇద్దరూ కలిసి బండ్లు కడగండన్నాడు. కలిసే కడిగాం, మాట్లాడుకోకుండా.

నాలుగో రోజు పొద్దున ఐదింటికి బయల్దేరాం. నీడలో నలభై ఆరు డిగ్రీలు, అదీ నీడ దొరికితే. పదకొండున్నరకు మెకానిక్ బండి పడింది. అతని నీళ్ల డబ్బా పగిలింది. ఒక సీసా మాత్రం మిగిలింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. మాటల్లేవు కదా.

ఒంటి గంటా నలభైకి పడమట ఇసుక తుఫాను మట్టిగోడలా లేచింది. జీపు ఎనిమిది కిలోమీటర్లు ముందుంది. మెకానిక్ నా వెనక కిలోమీటరు దూరంలో, ఆగిపోయిన బండితో ఉన్నాడు. బాటకు ఎడమన ఒక రాతి దిబ్బ. కుడివైపు దిగువన, వాన పడితే ఒక్క పూట పారే ఎండు వాగు. రెండూ పొద్దున మ్యాపులో చూసినవే. సెట్టులో హిందీయే మాట్లాడాలని నియమం. తొందరలో నా నోట తెలుగు వచ్చింది.

"గాలొస్తుంది. గడ్డ కాడికి రా. ఆడనే ఉంట."

"గెడ్డ కాడికేనా?"

"ఆ, గడ్డ కాడికే."

అతను పలికిన ఎత్వం నాకు వినపడింది. యాస అనుకొని నవ్వుకున్నాను. దిబ్బ ఎక్కి, బండి పక్కన పడుకొని, ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నాను.

మూడూ పదికి గాలి ఆగింది. దిబ్బ మీద నేనొక్కణ్ణే ఉన్నాను. సెట్టులో పిలిస్తే జవాబు లేదు. జీపు వెనక్కి వచ్చింది. అందరం బాట వెంట వెతికాం. చక్రాల జాడ గాలికి చెరిగిపోయింది. ఈ ఇసుకలో గాలి మనుషులను పేరు పెట్టి పిలిచి దారి తప్పిస్తుందని డ్రైవర్ అన్నాడు, ఏదో మొక్కు కూడా మొక్కాడు. నాకు కోపం వచ్చింది. పిలిచింది గాలి కాదు, నేను. నేను పిలిచిన మనిషి ఎటు పోయాడు? దానికి కారణం ఉండి తీరాలి.

మొదట సెట్టు గురించి ఆలోచించాను. పొద్దున అది బాగా పలికింది. మధ్యలో నేల అడ్డొస్తేనే మూగబోతుంది. అంటే మనిషి పల్లంలో ఉన్నాడు. మా ఊళ్లో గడ్డంటే మెరక. ఎత్తుకు రమ్మంటే పల్లానికి ఎందుకు పోయాడు? నా మాటలూ అతని మాటలూ వరసగా తలచుకున్నాను. గడ్డ. గెడ్డ. ముందురోజు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. గెడ్డ మీదైతే నీళ్లెవరివి? ఆ మాటలో అతనికి నీళ్లు కనపడుతున్నాయి.

బండి వాగులోకి దించాను. ఐదూ ఇరవై ఐదుకు దొరికాడు. తోసుకొచ్చిన బండి పక్కన, ఒడ్డు నీడలో బోర్లా పడుకొని, కుడిచేయి భుజం దాకా ఇసుక గుంటలో పెట్టి ఉన్నాడు. పెదవులు పగిలాయి. సీసా ఖాళీ. నా నీళ్లు గుక్కగుక్కగా తాగించాను. కాసేపటికి మాట వచ్చింది. "గెడ్డ కాడ ఉంటానన్నావు. నువ్వు రానేదు."

నేను జవాబు చెప్పేలోగా గుంటలోంచి చేయి తీశాడు. "తడుంది సూడు. మా ఊర్లో ఇలాగే సెలమ తీత్తాం."

మర్నాడు వెనక్కి జైసల్మేర్ తీసుకుపోయి సుబేదార్ సాబ్ మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టాడు. మీ రాష్ట్రం గొడవ నాకూ తెలుసన్నాడు. మెకానిక్‌ను సూటిగా అడిగాడు: వీడు నిన్ను కావాలని తప్పుదారి పట్టించాడా? అతను అవునంటే నా నౌకరీ అక్కడితో అయిపోయేది. అనడానికి కారణాలూ ఉన్నాయి, మూడో రోజు తగాదా అందరూ చూశారు. మెకానిక్ వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఇతను సరిగ్గానే చెప్పాడు, నేను సరిగ్గానే విన్నాను, మాట ఒకటే కానీ ఊళ్లు రెండు. సెట్టులో తెలుగు మాట్లాడినందుకు నాకు పద్నాలుగు రోజులు అదనపు కాపలా పడింది. న్యాయమే.

బయటికొచ్చాక అడిగాను, ఆ చాయ్ దగ్గర మాటకు అర్థమేమిటని. రెండు రోజులు ఆలస్యంగా అడిగాను.

"మా కాడ గెడ్డంటే నీల్లు పారేది. గెడ్డ నీదైతే నీల్లూ నీయే కదా, మల్లీ గొడవేటని అడిగీసేను."

వాడు నా పక్షాన మాట్లాడుతుంటే నేను వాడి మీద అరిచాను.

జులైలో సెలవు మీద సికింద్రాబాద్‌లో దిగి కొత్తగూడ చేరాను. మా అన్న చౌరస్తాలోనే ఉన్నాడు. 'ఈ గడ్డ మాది' అని బ్యానర్ కట్టి ఉంది. అక్కడే నిలబడి జరిగింది చెప్పాను. అన్న అంతా విని, "నీళ్లు మనయే అన్నడా? గట్లయితే ఆయన్ను తీస్కరా, స్టేజి మీద మాట్లాడిపిద్దాం" అన్నాడు.

తెలంగాణ కోరిక న్యాయమైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే న్యాయం మన వైపుంటే చెవులు మూసుకోవాల్సిన పని లేదు. రాష్ట్రం వచ్చింది. మెకానిక్ పింఛను తీసుకొని బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరాడు. చేరిన వారమే బస్సు దిగి ఫోన్ చేసి, ఎర్రగడ్డ దిగాను, చుక్క నీరు లేదేటి గురూ అని తగువు పెట్టుకున్నాడు. నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తున్నాను. రోజూ వందల మంది నా ముందు నుంచి లోపలికి పోతారు. ఒకరి యాసను ఒకరు అనుకరించి నవ్వుకుంటూ పోతారు.

అప్పుడు నాకు ఆ చేయి కనపడుతుంది. గోళ్లు చిట్లి, మోచేయి దాకా దోక్కుపోయి, పిడికిట్లో నల్లటి తడి ఇసుక. దాన్ని నా ముఖం ముందుకు చాపాడు. వేడికి ఆ ఇసుక చూస్తుండగానే తెల్లబడి, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. నేను తాకనే లేదు.

మీరు ఇంత దూరం పోనక్కర్లేదు. రేపు పొద్దున ఆఫీసు బస్సెక్కండి. ఎవరి మాటకు ఇన్నాళ్లూ నవ్వారో ఆ మనిషి పక్క సీట్లో కూర్చోండి. ఆ మాటకు మీ ఊళ్లో అర్థమేమిటని అడగండి. చెప్పేదాకా, మీ స్టాప్ వచ్చినా దిగకండి.