సత్తెక్క పతకం మీద పంటిగాటు

మా చిన్నప్పుడు... యానాం జెట్టీ దగ్గర గోదాట్లో ఈత పోటీ పెట్టారు. నది మధ్యలో లంగరేసిన పడవని ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళని పాండిచ్చేరి పోటీలకి పంపుతామన్నారు డ్రిల్లు మాస్టారు. మా పక్కింటి సత్తెక్కకి ఆ మాట విన్నప్పటినుంచి నిద్ర లేదు.

నేనా... పుట్టు అనుమానప్పక్షిని. పాలచెంబులో వేలు ముంచి, నీళ్ళు కలిపారేమోనని చూసే రకం. "అనుమానం పెనుభూతమే" అని అమ్మ రోజూ తిట్టేది.

ఈల వేయగానే అందరూ పడవకేసి తిన్నగా ఈదారు. సత్తెక్క మాత్రం గట్టు వారనే ఎగువకి ఈదుకుంటూ పోయి, అక్కడ కట్టేసిన పడవల వెనక మాయమైపోయింది! కాసేపటికి చూద్దును కదా... అందరికంటే ముందు పడవ ముట్టుకున్నది తనే.

అదెలా? ఆ పడవల వెనక ఏదో జరిగింది... ఎవరో తాడు అందించి లాగుంటారు. అంతే! పరుగున వెళ్ళి, "తాడు పట్టుకుందండి, నా కళ్ళతో చూశానండి" అని మాస్టారికి చెప్పేశాను. నిజానికి నేనేమీ చూడలేదు.

గట్టెక్కగానే మాస్టారు అక్కని నిలదీశారు.

"తాడేం లేదండి. ఇప్పుడు నీరు సముద్రంకేసి లాగుతుందండి. తిన్నగా ఈదితే దిగువకి కొట్టుకుపోతామండి. గట్టు వార లాగుడు తక్కువండి, అక్కడే ఎగువకెళ్ళి లోపలికి ఈదితే నీరే పడవకాడికి తీసుకుపోద్దండి" అంది అక్క.

చేపల వేటకెళ్ళే ఇంటిపిల్లకి తెలిసిన సంగతి అది. ఊరికి కొత్తయిన మాస్టారికి తెలీదు. కిరాణా కొట్టు వాళ్ళమ్మాయిని, నాకూ తెలీదు.

"మళ్ళీ ఈదండి" అని అందరినీ దింపారాయన. ఈసారి తనే నావెక్కి అక్క పక్కనే వెళ్ళారు. అక్కకి పాండిచ్చేరి చెయ్యిజారిపోతుందేమోనని నాకే ఏడుపొచ్చింది. అయినా అబద్ధమాడానని ఒప్పుకోలేదు.

మళ్ళీ అక్కే గెలిచింది!

పాండిచ్చేరిలోనూ గెలిచింది. ఆ తర్వాత దేశమంతా తిరిగి ఈదింది. మొదటి బంగారు పతకంతో ఊరొచ్చిన రోజు, తిన్నగా మా అరుగెక్కి దాన్ని నా చేతిలో పెట్టింది.

"కొరికి చూడే. బంగారమో కాదో... నీకు అనుమానం కదా!" అని నవ్వింది.

సిగ్గు లేకుండా కొరికాను. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అక్క నీలం టైల్సు కొలనులో పిల్లలకి ఈత నేర్పుతోంది. ఎవరు ముందో మిషనే చెప్పేస్తుంది, నాలాంటి సాక్షులు అక్కర్లేదు. గోదాట్లో దిగే పిల్లలే కనబడటం లేదు...

ఆ రోజు చాడీ చెప్పింది నేనేనని అక్కకి తెలుసని నా అనుమానం. ఇన్నేళ్ళూ అడిగే ధైర్యం లేక, ఇవాళ ఇక్కడ రాసేశాను. అక్కా, చదువుతున్నావా?

మీరూ చెప్పండి... చిన్నప్పటి మీ అబద్ధం ఎవరిని రెండోసారి ఈదించింది?