నల్లోడి కూలి

కోటగిరి నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండ్లలో లింబాద్రి బండి ఎప్పుడూ ఆఖరుకే చేరేది. ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆయన దిగి నడిచేవాడు. పైగా దారిలో రెండుమూడుసార్లు ఆగి, బండిలోంచి గడలు లాగి, ముక్కలు నరికి ఎడ్లకు పెట్టేవాడు.

అరవై నాలుగులో ఆ చెరుకు రామకోటేశ్వరరావుది. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న రైతు, కాలేజీలో తత్వశాస్త్రం చదివిన మనిషి. సంగతి తెలిసి అడిగితే, అది ఎడ్ల కూలి అన్నాడు లింబాద్రి. రావు కోప్పడలేదు, వాదనకు దిగాడు. ఎద్దుకు ఆకలి తెలుసు గాని హక్కంటే తెలియదనీ, తెలియనిదానికి హక్కు ఉండదనీ అరగంట చెప్పాడు. లింబాద్రి శ్రద్ధగా విని, తన చంటికొడుక్కీ ఏమీ తెలియదనీ, అయినా తన భార్య రాములవ్వ వాడికి పాలు మానలేదనీ అన్నాడు.

"అది దయ లింబాద్రీ. దయ చూపమనే నేనూ అంటాను. కూలి అని మాత్రం అనకు."

"దయంటే మీకు బుద్ధి పుడితె ఇస్తరు, లేకుంటె లేదు సారు. బండి గుంజుడు గట్ల కాదు గద. ఆడు రోజు గుంజాలె."

మర్నాడు రావు రెండు చిక్కాలు తెచ్చి, ఎడ్ల మూతులకు తనే కట్టి, బండి అందరికంటే ముందు కట్టించి, చెరుకు మీదికెక్కి కూర్చున్నాడు. కాలువ వంతెన దగ్గర ఎడమపక్క ఎద్దు నల్లోడు నడిరోడ్డు మీద చతికిలబడింది. వెనక ఇరవై బండ్లు నిలిచిపోయాయి. రావు దిగి, దాని చెవి దగ్గర వంగి మంచిమాటలు చెప్పాడు. తోక మెలిపెడదామని ఎవరో అంటే లింబాద్రి ఒప్పుకోలేదు.

"ఆడు హర్తాల్ చేస్తుండు. సారుతోనే మాట్లాడుకుంటడు."

ఎండ ముదిరింది. చివరికి రావు చిక్కం విప్పి, నాలుగు గడలు లాగి పెట్టాడు. నల్లోడు తీరిగ్గా నమిలి లేచింది.

"ఇది దయే, కూలి కాదు," అన్నాడు రావు, అందరికీ వినబడేలా.

"ఏదైతేంది సారు, ఆని కడుపులకే పోయింది."

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆ బండి రావు చెరుకే తోలింది. వాదన మాత్రం తెగలేదు. నల్లోడు ముసలిదై కాడికి పనికిరాకుండా పోయినప్పుడు సంతకు తోలమని ఊరంతా చెప్పింది. లింబాద్రి తోలలేదు. పనిచేయని ఎద్దుకు నీ లెక్కన కూలి ఉండదు కదా, మరి దేనికి మేపుతున్నావని రావు వచ్చి అడిగాడు. లింబాద్రి నల్లోడి ముందుకు గడ్డి జరిపాడు.

"గిప్పుడు దయనే సారు," అని ఒప్పుకున్నాడు.

గెలిచిన సంబరంలో రావు ఆ సాయంత్రమే బండెడు పచ్చి చెరుకాకు పంపించాడు. నల్లోడు ఇంకో నాలుగేళ్లు బతికింది.