పెనుకొండ చింతతోపులో మా చక్రాల ఇల్లు

సెల్‌ఫోను ఇంకా మా వైపు తొంగి చూడని ఆ రోజుల్లో ఒక మనిషి బతికున్నాడో పోయాడో తెలుసుకోవడానికి రెండే మార్గాలుండేవి. వెళ్ళి కళ్ళారా చూడటం ఒకటి, ఎవరో చెప్పింది నమ్మేయడం ఇంకొకటి. మొదటిదానికి బస్సెక్కాలి, నిలబడాలి, చెమటలు కక్కాలి కాబట్టి మా జనం ఎక్కువగా రెండోదానితోనే సరిపెట్టుకునేవారు. నాకు అప్పటికి పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో ఉద్యోగమూ దొరికింది. మనిషికి ఇంతకంటే ఏం కావాలని అందరూ అనేవారు. నాకు మాత్రం ఇంకొకటి కావాలి. నా కూతురికి నేనెవరో తెలియాలి.

ఇదేమంత గొంతెమ్మ కోరిక కాదు. కానీ దుకాణం పొద్దున తెరిస్తే రాత్రికి గానీ మూయరు కాబట్టి నేను ధర్మవరంలోనే ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం మాత్రం హిందూపురంలోని మా ఇంటికి వచ్చేవాణ్ణి. మా బుడ్డమ్మకు (ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు) ఏడాదిన్నర. పాలు పోసేవాణ్ణి గుర్తుపట్టేది, ఎదురింటి మేకను గుర్తుపట్టేది, క్యాలెండరులో ఉన్న వినాయకుడికి చేయి ఊపేది. నేను గడపలో కాలు పెడితే మాత్రం ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. మా అవ్వ (నాయనను కన్నతల్లి) దాన్ని చంకనేసుకుని, "ఏడవద్దమ్మా, ఆయప్ప రేపు పొద్దున్నే పోతాడులే" అని ఓదార్చేది. నా ముందరే! దానికి అన్నం తినిపించడానికి కూడా నన్ను వాడుకుంటున్నారని తర్వాత తెలిసింది. "తినకుంటే ఆదివారం వచ్చే ఆయప్పకు పట్టిచ్చేస్తా" అంటే బుడ్డమ్మ గబగబా మింగేసేదట. వారమంతా నేను ఇంట్లో లేకపోయినా సంసారానికి ఇలా ఎంతో కొంత ఉపయోగపడుతున్నందుకు సంతోషించాలి కాబోలు. దీనికి తోడు కదిరిలో దాని పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నేనూ మొక్కు చెల్లించి గుండు చేయించుకున్నాను. దాంతో ఉన్న కాస్త గుర్తూ పోయింది.

అలాంటి రోజుల్లో మా దుకాణంలో ఎవరో మరిచిపోయిన ఒక పత్రికలో విదేశీ కుటుంబం ఫొటో చూశాను. చక్రాల మీద ఒక ఇల్లు. అందులోనే మంచం, అందులోనే పొయ్యి. దాన్ని అడవి పక్కన నిలబెట్టుకుని తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ నవ్వుతున్నారు. ముఖ్యంగా ఆ బిడ్డ తండ్రి భుజాల మీద కూర్చుని నవ్వుతోంది. జబ్బుకు మందు దొరికిందనుకున్నాను. ఒక రాత్రి, ఒక పగలు మేం ముగ్గురమే ఒక బండిలో ఉంటే ఇంకెక్కడికి పోతుంది? చచ్చినట్టు నన్నే నాన్న అనుకోవాలి. ఆదివారం ఇంటికి రాగానే మా ఆవిడకు ఫొటో చూపించి, చెట్ల కింద వండుకుని, ఆరుబయట గాలి పీల్చుకుంటూ పడుకుంటారని వివరించాను. ఆమె ఫొటో తిప్పి తిప్పి చూసి, "కరెంటు పోయినప్పుడు మిద్దె మీద మనం చేసేది అదే గదండీ. దానికి బండెందుకు?" అంది. మా నాయన (హిందూపురం బజారులో కిరాణా అంగడి ఆయనది) కళ్ళజోడు పైనుంచి చూసి, "చెట్ల కింద పండుకోకుండా ఉండాలనే గదరా మీ తాత ఈ ఇల్లు కట్టింది? సరే పో. ఆయప్ప కల్లోకొచ్చి అడిగితే నువ్వే చెప్పుకో" అన్నాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి ఇంటి పెత్తనమంతా అవ్వది. అవ్వ ఒక్కమాటే అంది. "బుడ్డది నేను లేకుంటే పండుకోదు. నేనూ వస్తా." ముగ్గురం కాస్తా నలుగురమయ్యాం.

ఇక బండి వెతకడం మొదలుపెట్టాను. ధర్మవరంలో మొదట ఒక జీపు చూశాను. తలుపు తీయబోతే తలుపు చేతికొచ్చింది. "గాలి బాగా ఆడుతుందప్పా" అన్నాడు యజమాని, దాన్ని మళ్ళీ తగిలిస్తూ. పెనుకొండలో ఒక వ్యాను చూశాను. అది కోళ్ళను తోలే వ్యాను. కోళ్ళు దిగిపోయాయి గానీ కోళ్ళ జ్ఞాపకాలు దిగలేదు. హిందూపురంలో పెళ్ళిళ్ళ బ్యాండువాళ్ళ వ్యాను నిజంగా అందంగా ఉంది. రెండు పక్కలా నెమళ్ళు, చుట్టూ రంగుబల్బులు. అయితే బాకా ఊదే ఆయన అందులోనే కాపురముంటాడట, ఆయన్ను దించితే ఆయనకు వేరే చోటు లేదట. "ఒక మూల పడుంటాడులే, మీకేం అడ్డం రాడు" అని హామీ ఇచ్చారు. చివరికి పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర ఒక మెటాడోరు వ్యాను దొరికింది. పల్లెల నుంచి గూళ్ళు తెచ్చే బండి. లోపల రెండు పక్కలా చెక్క అరలు, అచ్చం రైలు బెర్తుల్లా. కాకపోతే పురుగు వాసన. దాని యజమానిని మార్కెట్టులో గూళ్ళన్న అంటారు. వాసన సంగతి అడిగితే నొచ్చుకున్నాడు. "దీంట్లో పురుగులే సుఖంగా నిద్రపోతాండాయి. మనుషులకేం రోగమప్పా?" అన్నాడు. నేను వెంటనే బేరానికి దిగాను. ఆయనకు పెనుకొండలో అత్తగారిల్లుంది. శనివారం మమ్మల్ని కొండ కింద చింతతోపులో దింపి, బండి అక్కడే వదిలి తాను అత్తవారింట్లో మేపుకు పోతాడు, ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళతాడు. అలా కుదిరింది.

నేను సెలవు పెట్టి వచ్చిన ఆ శనివారం, బయలుదేరే ముందు అవ్వ సామాను చూసి గూళ్ళన్నకే అనుమానమొచ్చింది. కిరసనాయిలు స్టవ్వు, రుబ్బుడు గుండు, చేట, పొరక, మజ్జిగ కుండ, ఊయల చీర, దేవుడి పటం, దీపపు సెమ్మె. "అవ్వా, ఒక్క రాత్రికే గదా పోతాండేది?" అన్నాను. "రాత్రి పండుకునే చోట దీపం లేకుంటే దయ్యాలు పండుకుంటాయిరా" అంది. ఇంటిని కాపలా కాయడానికి నాయన ఉండిపోయాడు. దారిలో ఒకసారి టైరు పంచరయింది తప్ప ప్రయాణం బాగానే సాగింది. తోపులోకి చేరి, సామాను దింపి, కొమ్మకు ఊయల కట్టి, దీపం వెలిగించేసరికి ఫొటోలో ఉన్న కుటుంబానికీ మాకూ తేడా లేదనిపించింది. తేడా ఒక్కటే. బుడ్డమ్మ నా భుజాల మీద లేదు. అవ్వ వీపు వెనక నక్కి, మట్టి తింటూ, నా గుండు వంక చూస్తోంది. నేను ఉడతను చూపిస్తే కళ్ళు మూసుకుంది. బెల్లం ముక్క చూపిస్తే అది లాక్కుని మళ్ళీ అవ్వ వెనక్కి పోయింది. పడుకునే వేళకు అవ్వ పక్కన అది, దాని పక్కన మా ఆవిడ. నాకు ఎదుటి అర మిగిలింది. ఆ అరలో పురుగులు సుఖంగా నిద్రపోయేవంటే అవి నాకంటే పొట్టివి అయ్యుండాలి.

ఇక్కడ మా వైపు నియమం ఒకటి చెప్పాలి. చెడు నక్షత్రంలో ఎవరైనా కన్నుమూస్తే ఆ ఇంటిని కొన్ని నెలలు విడిచిపెట్టేస్తారు. వాకిలికి ముళ్ళకంప కొట్టి, ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుని వేరేచోట తలదాచుకుంటారు. చోటు దొరకనివాళ్ళు తోపుల్లోనూ ఉంటారు. అలాంటివాళ్ళకు చుట్టుపక్కలవాళ్ళు వండి తెచ్చిపెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పోతారు. ఇదంతా నాకు తెలియనిది కాదు. గుండు చేయించుకున్న కొడుకు, పసిబిడ్డ, ముసలి తల్లి, చెట్టు కింద దీపం, రుబ్బుడు గుండుతో సహా సామాను, పెద్దాయన జాడ లేదు. ఇవన్నీ కలిపి చూస్తే ఎవరికేమనిపిస్తుందో మాత్రం నాకు తట్టలేదు. బొరుగులక్కకు తట్టింది. ఆమె పెనుకొండలో బొరుగులు, అంటే మరమరాలు, అమ్ముతుంది, సరుకుల కోసం మా నాయన అంగడికి వస్తుంది. ఆ సాయంత్రం రోడ్డు మీద పోతూ మమ్మల్ని చూసి, పలకరించే ధైర్యం చాలక వెళ్ళిపోయిందట.

ఆదివారం పొద్దున మా ఆవిడ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. నేను ఉప్మా మాడుస్తున్నాను. ఇంతలో బొరుగులక్క, ఆమె వెనక ఐదారుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన గిన్నెలతో వచ్చారు. మాడిన గిన్నె చూసి ఒకామె, "పాపం, పొయ్యి మీద ధ్యాస యాడుంటుంది" అంది. ఎంత మంచి మనుషులనుకున్నాను.

"ఎట్ల నాయనా, ఇట్లయిపాయె?" అంది బొరుగులక్క.

"ఎన్నాళ్ళ నుంచో అనుకుంటాండాం అక్కా. ఇప్పటికి కుదిరె" అన్నాను.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఏం కష్టం లేకుండానే జరిగెనా?" అంది.

"దారిలో టైరు పంచరాయె. అంతే" అన్నాను. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పంచరుకు ఇంత జాలి చూపే ఊరు ఇంకోటి ఉండదనుకున్నాను. ముసలాయన నా గుండు నిమిరి, "కొడుకన్నాక ఆ మాత్రం చేయాల" అన్నాడు. "పాపకు గూడా చేయించినాం తాతా" అన్నాను. ఆయన, "ఆడబిడ్డకు గూడానా!" అని నోరు తెరిచాడు.

"సాయంత్రం ఇంటికి పోతాం అక్కా" అన్నాను నేను, మాటలు కలుపుదామని.

"అయ్యో, అట్ల పోగూడదప్పా! పసిబిడ్డ ఉండాది. మూడు నెలలన్నా ఈడనే ఉండండి."

"ఉండాలనే ఉండాది గానీ, అన్ని దినాలు సెలవు దొరకలేదక్కా" అన్నాను.

ఇంక ఆమె నన్ను వదిలేసి, నేరుగా అవ్వ దగ్గరికి పోయి కావలించుకుని శోకం ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. "తూకంలో గింజ తక్కువేసి ఎరగని పుణ్యాత్ముడే!" అని బొరుగులక్క అంటోంది. (ఈ మాట మా నాయన చెవిన పడితే ఆయనే నమ్మడు.) మా అవ్వ కూడా ఆమె మెడ మీద తలపెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఎందుకంటే మా అవ్వకు మర్యాద తెలుసు. ఇంతమంది మీద పడి ఏడుస్తుంటే మనం ఏడవకపోతే బాగుండదు. కాసేపు చక్కగా ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఇంతకూ పోయింది ఎవురమ్మా?" అని అడిగింది.

"నీ కొడుకేనమ్మా. అంగడాయన" అంది బొరుగులక్క.

"నా కొడుకా! నాకెవురూ చెప్పలేదే!" అని అవ్వ కింద కూలబడింది. ఈసారి ఏడ్చింది మర్యాదకు కాదు. నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. ఇంతమంది చెప్తున్నారు, అన్నం కూడా వండుకొచ్చారు. నిన్న మధ్యాహ్నం మేం వచ్చేటప్పుడు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకేం తెలుసు? వీళ్ళు పొరబడ్డారని బుర్ర చెప్తూనే ఉంది గానీ గుండె వినడం లేదు. అప్పుడే నా కాళ్ళకు ఏదో చుట్టుకుంది. చూస్తే బుడ్డమ్మ. అవ్వ ఏడుస్తోంది, అమ్మ కనిపించడం లేదు, చుట్టూ తెలియని ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. ఉన్న మొహాల్లో ఏడవనిది నాదొక్కటే. చేతులు చాచింది. ఎత్తుకున్నాను. మెడ పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. నేను ఏడిస్తే తానూ మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉంది. నాకు ఏడుపొస్తోంది. కానీ ఏడాదిన్నరగా నేను ఎదురుచూసిన పిల్ల చేతుల్లోకి వచ్చాక ఎలా ఏడవను? నవ్వాను. నాయన పోయాడేమోనని భయపడుతూ పళ్ళికిలించాను. ముసలాయన నన్ను చూసి, దుఃఖం తలకెక్కిందని పక్కవాళ్ళతో అన్నాడు.

అంతలో రోడ్డు వైపు నుంచి తెల్లటి పంచె, చంకలో మడతపెట్టిన దుప్పటితో మా నాయన వచ్చాడు. ఒకామె కెవ్వుమని అరిచి వ్యాను వెనక్కి పరిగెత్తింది. "ఏమిరా ఈ సంత? బుడ్డదాని దుప్పటి మరిసిపోయి వస్తిరి, ఇద్దామని వచ్చినా" అన్నాడు. (ఇంట్లో పాప లేక ఆయనకు రాత్రి నిద్రపట్టలేదని అవ్వ తర్వాత రాబట్టింది.) సంగతి తెలిశాక ఆయన తాపీగా కూర్చుని గిన్నె మూత తీసి, రాగిముద్ద తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని తిన్నాడు. "నా సావు కూడు బాగుండాది. ఉప్పే రవ్వంత తక్కువాయె" అన్నాడు. బొరుగులక్కకు ఒళ్ళు మండిపోయింది. "సరదాకు ఎవురైనా ఇల్లు ఇడిసి చెట్టు కిందికొస్తారా అప్పా?" అని నన్ను నిలదీసింది. ఫొటో చూపిద్దామంటే అది ఇంట్లో ఉండిపోయింది. బిందెతో వచ్చిన మా ఆవిడ జనాన్ని, ముద్దలను, మామగారిని చూసి, చివరికి నా చంకలో ఉన్న పాపను చూసి బిందె కింద పెట్టడం మరిచిపోయింది.

ఆ సాయంత్రం హిందూపురం చేరేదాకా బుడ్డమ్మ నా మెడ వదల్లేదు. సోమవారం పొద్దున నేను సంచి తీసుకోగానే వీధంతా వినిపించేలా ఏడ్చింది. గడప దాటనివ్వలేదు. అవ్వ బలవంతంగా విడిపించింది. వస్తే ఏడ్చే పిల్ల పోతే ఏడవాలనే కదా ఇంత చేసింది! బస్సులో కూర్చున్నాక కూడా ఆ ఏడుపు చెవుల్లోంచి పోలేదు. సోమందేపల్లి దగ్గర ఇంక నా వల్ల కాలేదు. దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఇంటికి పరిగెత్తాను. దుకాణంలో ఏం తిట్లు తినాలో అవన్నీ తినడానికి సిద్ధపడిపోయాను.

ఇంట్లో బుడ్డమ్మ నేల మీద కూర్చుని గిన్నె మీద గరిటెతో వాయించుకుంటోంది. ఏడుపు నేను వీధి మలుపు తిరగకముందే ఆగిపోయిందట. తలెత్తి నన్ను చూసింది. ఏడవలేదు. అలాగని సంబరపడి పరిగెత్తుకూ రాలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిని చూసినట్టు చూసి, కాస్త పక్కకు జరిగి, గరిటె నా చేతిలో పెట్టింది. నేను చెప్పులైనా విప్పకుండా కూర్చుని గిన్నె వాయించడం మొదలుపెట్టాను. గుండుతో, చంకలో సంచితో, పని ఎగ్గొట్టి గిన్నె వాయిస్తూ మురిసిపోతున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.