మా మరిది పారేయమన్న కంప్యూటర్

పోయిన ఆదివారం పొద్దున ఓళిగలకు పిండి తడిపి పక్కన పెట్టుకుని కూర్చున్నానో లేదో, మా వాకిట్లో ఆటో ఆగింది, అందులోంచి మా మరిది దిగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి ఒక చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో గోనెసంచిలో చుట్టిన బరువేదో పొట్టకు హత్తుకుని తంటాలు పడుతుంటే, ఆటో అతనే జాలిపడి దాన్ని మా పంచలో దించి పోయాడు. సంచి విప్పితే కంప్యూటర్ పెట్టె. ఆన్ చేసి స్నానానికి పోయి వచ్చినా తెర వెలగడం లేదట, కొడుకు పెళ్ళి ఫొటోలు చూసుకుందామంటే ఒక్కొక్కటి తెరుచుకునేసరికి పూట గడిచిపోతోందట. బస్టాండు దగ్గర కొత్తగా వెలిసిన అంగడికి తీసుకుపోతే వాళ్ళు మూత కూడా విప్పకుండా, ఇది పనికిరాదు, పారేసి కొత్తది కొనుక్కో అన్నారట. నేను చూస్తే నడుస్తుందని ఎవరో చెప్పగా నా దగ్గరికి తెచ్చాడు.

నా ఈడు వాళ్ళతో మాట్లాడుతున్నాను కాబట్టి దాచకుండా చెబుతాను. ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. ఇరవై ఏళ్ళ పైమాటగా, అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, గుళ్ళో ప్రదక్షిణలు చేస్తూ కూడా నేను కోరుకున్న రోజు ఇదే. అది ఇలా ఆటో ఎక్కి మా గడపలోకే వస్తుందని మాత్రం అనుకోలేదు.

పెళ్ళికి ముందే నేను టైపు హయ్యరు పాసయ్యాను. పిల్లలు బడికి పోయాక ఇంట్లో ఊరికే ఉండలేక, మా ఆయన ఆఫీసుకు పోగానే వీధి గదిలో కూర్చుని అర్జీలు కొట్టేదాన్ని. మొదట మిషను మీద, తర్వాత కంప్యూటర్ మీద. ఆ కంప్యూటర్‌ను మా మరిది అంగట్లోనే కొన్నాం. అనంతపురంలో కంప్యూటర్లు అమ్మే అంగళ్ళు అప్పటికి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు, ఉన్నవాటిలో మా మరిదిదే పెద్దది. వాడికి ఆ గర్వం నడకలో కూడా ఉండేది.

ఆ రోజుల్లో వానలు ఎట్లా మొహం చాటేశాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు చినుకు లేక, చేనంతా నిలువునా ఎండి, పీకి పశువులకు వేసినా అవి మూతి తిప్పుకునే కాలం. అప్పటికి జిల్లా అంతా ఒక్కటే కాబట్టి ప్రతి సోమవారం కలెక్టరుకు అర్జీ ఇచ్చుకోవడానికి ఇటు బత్తలపల్లె నుంచి, అటు గోరంట్ల నుంచి రైతులు పొద్దున్నే బస్సు దిగేవాళ్ళు. మా వీధిలో ఒకమ్మ అడిగి మరీ రాస్తుందని ఎట్లా పాకిందో పాకింది. ఎన్ని ఎకరాలు, ఎప్పుడు విత్తారు, ఎన్నాళ్ళ నుంచి చినుకు లేదు, బోరు ఎన్ని అడుగులు పోయింది, అన్నీ అడిగి వాళ్ళ మాట పోకుండా కొట్టేదాన్ని. వజ్రకరూరు నుంచి వచ్చే పెద్దాయన ఒకరు, అర్జీ పూర్తయ్యాక, తొలకరి పడితే చేలో వజ్రాలు వెతుక్కునేవాళ్ళ సంగతులు చెప్పి నన్ను నవ్వించి పోయేవారు. నేనెప్పుడూ కాలుపెట్టని పల్లెల్లో నా పేరు తెలుసు. మా అత్తగారింట్లో మాత్రం నా పేరుకు వంకాయ కూర బాగా చేస్తుందన్నంత వరకే గుర్తింపు. అందుకే ఆ వీధి గది నాకు ప్రాణం.

కంప్యూటర్ అంటే నాకు భక్తి కూడా ఎక్కువే. మన వైపు ఆయుధపూజ ఎట్లా చేస్తామో తెలుసు కదా. కొడవలి, కత్తిపీట, సైకిలు, చివరికి కుట్టుమిషను దాకా పసుపు కుంకుమ పడాల్సిందే. నేను కంప్యూటర్ పెట్టెను కూడా వదలలేదు. నుదురు ఉన్నా లేకపోయినా దానికి ముందూ వెనకా బొట్లు పెట్టి, చిల్లులున్న చోటల్లా కుంకుమ చల్లి, బంతిపూల దండ చుట్టి, అది వాడిపోయి రాలేదాకా తీయకుండా ఉంచేదాన్ని. ఎర్రదుమ్ము పడకూడదని ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ తొడుగు ఒకటి కుట్టి, పని చేస్తున్నప్పుడు కూడా తీయకుండా, చలికాలంలో ముసలమ్మను చూసుకున్నట్టు చూసుకునేదాన్ని. పైగా గోడకు ఆనించి పెట్టాను, ఎవరి కాలూ తగలకూడదని.

మూడో ఏటికి అది మూలగడం మొదలుపెట్టింది. స్విచ్చి వేసి బియ్యం కడిగి కుక్కరు పెడితే, విజిల్ వచ్చేది కానీ తెర వచ్చేది కాదు. మా మరిదిని రెండుసార్లు పిలిచి చూపించాను. రెండుసార్లూ పక్కమూత ఊడదీసి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ బిగించి, దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోవాల్సిందే అన్నాడు. ఇంట్లో వాడు చెప్పాడు కదా అని నమ్మాను.

ఒక సోమవారం బత్తలపల్లె వైపు నుంచి ఏడుగురు వచ్చారు. మూడో అర్జీ సగంలో ఉండగా పెట్టె బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేశాను. వాళ్ళు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. చివరికి వాళ్ళలో పెద్దాయన లేచి, టైం అయిపోతోంది, ఏమీ అనుకోవద్దని ఎంతో మర్యాదగా చెప్పారు. ఏడుగురూ అర్జీలు కూడా కొట్టిచ్చే మా మరిది అంగడికి పోయారు. తర్వాతి సోమవారం నా గది దగ్గర ఎవరూ ఆగలేదు.

ఆ వారంలోనే మా ఆడబిడ్డ కూతురి సీమంతం మా అత్తగారింట్లో జరిగింది. మగవాళ్ళ పంక్తిలో నేను చారు వడ్డిస్తున్నాను. మా మరిది విస్తరి ముందుకు రాగానే, వాడు తలెత్తి, అందరికీ వినబడేటట్టు, "వదినా, ఆ డబ్బా సచ్చిపోయిండాది, పాత సామాన్లోనికి ఏసెయ్. అర్జీలు కొట్టేదానికి నా అంగడి ఉండాది. నువ్వు ఇంట్లో కూచోని వంకాయలు తరుక్కో, సాలు," అన్నాడు. పంక్తంతా నవ్వింది. వాకిలి దగ్గర నిలబడిన మా అత్తగారు నవ్వారు, చినమామగారు పొలమారేదాకా నవ్వారు. నోట్లో ముద్ద పెట్టుకున్న మా ఆయన కూడా నవ్వారు. మిగతా వాళ్ళ నవ్వు ఏదోలా మింగేదాన్ని, ఆ ఒక్క నవ్వు మాత్రం మింగుడుపడలేదు. తలకొట్టేసినట్టయింది. చారు గిన్నె కింద పెట్టకుండా పంక్తి చివరి దాకా వడ్డించాను.

మర్నాడు ఎదురింటి భాయిని పిలిచాను. ఆయన టీవీలు బాగుచేస్తారు, కంప్యూటర్ ముట్టుకోవడం అదే మొదలు, కానీ కరెంటుతో నడిచేదేదైనా ఆయనకు భయం లేదు. పెట్టె విప్పి, లోపలికి టార్చి వేసి చూశారు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని చూపించారు. చల్లార్చే ఫ్యాను రెక్కల మీద ఎర్రదుమ్మూ కుంకుమా కలిసి అట్టకట్టి ఉన్నాయి, దాని కింద బంతిరేకులు ఎండి ఇరుక్కుని ఉన్నాయి. "అక్కా, ఇది సావలేదు. నువ్వే పూజలు చేసి చేసి దీనికి ఊపిరాడకుండా చేసినావు," అన్నారు. సిగ్గుపడి ఆ బంతిరేకులు ఏరి కొంగులో వేసుకున్నాను. వేడెక్కితే కాలిపోకుండా అది తనంతట తానే నెమ్మదిస్తుందని ఆయనే వివరించారు.

ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు, దాని వెనకే కోపం వచ్చింది. మా మరిది రెండుసార్లు మూత తీసి చూసింది ఈ కుంకుమనే, ఈ రేకులనే. వదినా, పూలు తీసేయ్ అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు.

భాయి రంగుల బ్రష్షుతో దుమ్ము రాల్చారు, సైకిలు పంపుతో గాలి కొట్టారు. ర్యామ్ పెట్టే చోటు ఒకటి ఖాళీగా ఉందని కనిపెట్టి, ఎక్కడో పాడైన కంప్యూటర్‌లోంచి ఒక ర్యామ్ పలక తెచ్చి గుచ్చారు. పని చేసుకునే బల్ల పెద్దదైతే సామాన్లు పరుచుకోవడం ఎంత సులువో ఇదీ అంతే అన్నారు. మిగతాది నేను నేర్చుకున్నాను. స్విచ్చి వేయగానే దానితో పాటు పదకొండు ప్రోగ్రాములు నిద్రలేస్తున్నాయని అప్పుడు తెలిసింది. చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి ఎక్కించి పోయాడు, ఒకరు గడియారం, ఒకరు పంచాంగం, ఒకరు తెర మీద ఈదే చేపలు. వైరస్‌ను చంపేవి మూడు ఉండి, వైరస్‌ను వదిలేసి వాటిలో అవే కొట్టుకుంటున్నాయి. ఒక్కటి ఉంచి అన్నీ పీకేశాను. డిస్కు నిండా కుక్కిన పెళ్ళి వీడియోలను సీడీల్లోకి దించాను. పోగుపడిన చెత్త ఫైళ్ళు తుడిచాను. చిందరవందరగా ఉన్న డిస్కును సర్దే ప్రోగ్రామును మధ్యాహ్నం నడవనిచ్చి, అది సర్దుకునేలోపు నేనో కునుకు తీసేదాన్ని. గుడ్డ తొడుగు ఇంకెప్పుడూ వేయలేదు. గోడకు జానెడు దూరం జరిపాను. ఆ పై సోమవారం స్విచ్చి వేసి కుర్చీ లాక్కునేలోపు తెర వచ్చేసింది. నెల తిరక్కముందే నా రైతులు నాకు తిరిగి వచ్చారు.

అంతటితో ఊరుకుంటే నేను మంచిదాన్ననిపించుకునేదాన్ని, కానీ ఊరుకోలేదు. మా మరిది ఏ ఏ ఇళ్ళకు కంప్యూటర్ అమ్మాడో కనుక్కున్నాను. టిఫిను సంచిలో స్క్రూడ్రైవరూ బ్రష్షూ వేసుకుని, పిలిచినా పిలవకపోయినా, పేరంటానికి పోయినట్టు ఇల్లిల్లూ తిరిగాను. ఆయుధపూజ మర్నాడైతే నాకు తీరికే ఉండేది కాదు, వీధి చివరి నుంచి మొదలుపెట్టి పెట్టెల మీది పూలు తీస్తూ పోయేదాన్ని. పైసా తీసుకోలేదు. ఏ అంగట్లో కొన్నారు, ఆయన దీన్ని పారేయమన్నాడా అని మాత్రం నలుగురూ ఉన్నప్పుడు చూసి అడిగేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ మా మరిది అంగడికి బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కొత్తవి కొనేవాళ్ళు కూడా ముందు నన్ను అడిగి, నేను చెప్పిన అంగడికి పోయేవాళ్ళు. వాడు అంగడి మూసేశాడని తెలిసిన రోజు నేను పాయసం చేశాను. మా ఆయన ఏం విశేషమని అడిగితే, ఊరికే అన్నాను. ఆయన రెండోసారి వడ్డించమన్నారు.

అంత చేసినా నా కచ్చ తీరలేదు. వాడు నా ముందుకు వచ్చి, తప్పయిందని, పంక్తిలో అన్నట్టే అందరూ వినేటట్టు అనాలి. నాకు కావలసింది అదొక్కటే.

అట్లాంటి వాడు పోయిన ఆదివారం వచ్చాడు. పెట్టె విప్పి, దుమ్ము దులిపాను. లోపల ఉన్నది గుండ్రంగా తిరిగే పాతకాలం డిస్కు. ఇప్పుడు ఎస్.ఎస్.డి అని చేతిలో పట్టేంత పలుచని డిస్కు వచ్చింది కదా, ఎంత ముసలి కంప్యూటర్‌కైనా అది పెడితే పరుగెత్తుతుంది. నా దగ్గర ఒకటి ఉంటే పెట్టాను. పాత డిస్కులోని ఫొటోలూ అవీ దానిలోకి చేరేలోపు మా మరిది భోంచేసి, రెండు ఓళిగలు తిని, మంచం మీద ఒరిగి లేచాడు. స్విచ్చి వేస్తే, వాడు కళ్ళద్దాలు పెట్టుకునేలోపే తెర వచ్చింది. "ఎంత బిరీన వచ్చింది వదినా," అని చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా దాచుకున్నదంతా, సీమంతం నుంచి చారు గిన్నె దాకా, వాడన్న ప్రతి మాటా వాడి యాసలోనే చెప్పాను. వాడు అడ్డం రాకుండా విన్నాడు.

"నేనట్లంటినా వదినా? నాకు గ్యాపకమే లేదే," అన్నాడు. అబద్ధమాడితే వాడి మొహం ఎట్లా ఉంటుందో నాకు అంగడి రోజుల నుంచీ తెలుసు. అది ఆ మొహం కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అనింటే తప్పే. ఆ పొద్దు ఎవురెవురు ఉండ్రి?" అని అడిగాడు.

నేను వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను. మా అత్తగారు, చినమామగారు, పెద్ద ఆడబిడ్డ భర్త, మా ఆయన. నాలుగో వేలు మడిచి ఆపేశాను. ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళలో మా మరిది ఒక్కడే మిగిలాడు, వడ్డించినదాన్ని నేను మిగిలాను. ఎదురింటి భాయి కూడా పోయి నాలుగేళ్ళయింది, ఆ ఇంటికి తాళం. ఇప్పుడు అర్జీలు ఎవరికి వాళ్ళు ఫోనులోనే పెట్టుకుంటున్నారు, వీధి గదిలో నా మంచం వేసుకున్నాను. పాడైన వస్తువును విప్పి లోపల ఏముందో చూడాలనే ఓపిక ఎవరికీ లేదు, ఆ ఫోన్లకు విప్పడానికి మూత కూడా ఉండదు.

ఇన్నేళ్ళు నేను ఎదురుచూసిన మాట వాడు అన్నాడు. నిజంగానే అన్నాడు. నేను వెనక్కి తిరిగి, ఎవరైనా విన్నారేమోనని ఎవరూ లేని వంటింటి వైపు చూశాను.