రావమ్మ కుడిచెయ్యి

చర్చికి ఆలస్యమవుతోందని రావమ్మ మంచం మీంచి గబుక్కున లేచింది. కళ్లు తిరిగాయి. కుడిచెయ్యి ఊతంగా చాపి గడప మీద పడింది. ఎనభై దాటిన, ఎండుపుల్లలాంటి మనిషి. వయసులో పొద్దెక్కకముందే ఒడినిండా పత్తి తీసిన ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయింది.

కూతురు ప్రేమకుమారి ఎ.కొండూరు బడిలో టీచరు. తల్లిని ఆటోలో తిరువూరులోని ఎముకల డాక్టరు మాధవ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎక్స్‌రే, రావమ్మ వాడే గుండె మందులు చూశాడు.

"ఆపరేషన్ వద్దండి. మత్తు ఈవిడ గుండెకి మంచిది కాదు. ఎముక సరిచేసి పిండికట్టు వేస్తాను. కాస్త వంకరగా అతుక్కోవచ్చు, అయినా పనులు చేసుకోగలరు. వేళ్లు మాత్రం ఆడిస్తూ ఉండాలి."

"వంకరగానా?" అంది ప్రేమకుమారి.

"అయితే ఏంటే? నాకిప్పుడు పెళ్లిచూపులా?" అంది రావమ్మ నొప్పిని పళ్లబిగువున ఆపుకుంటూ.

ప్రేమకుమారికి మనసు నిలవలేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "విజయవాడ తీసుకెళ్లాల్సింది" అనేవాళ్లు. బట్టల సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. తల్లి వేలు కదిలిస్తే చాలు, "కదపకమ్మా, ఎముక జరిగిపోద్ది" అని ఆపేది.

ఒకరోజు తెల్లారేసరికి వేళ్లు బూరెల్లా ఉబ్బి నల్లబడ్డాయి. పరుగున తీసుకెళ్తే డాక్టరు కట్టును పొడవునా కోసి వదులు చేశాడు. మెల్లగా రంగు తిరిగింది.

"వేళ్లు ఆడించలేదా మామ్మగారూ?"

రావమ్మ కూతురి వంక చూడకుండా, "బద్ధకించానండి" అంది.

బయటికొచ్చాక ప్రేమకుమారి అడిగింది. "నేనే వద్దన్నానని చెప్పలేదేం?"

"అప్పటికే నీ చేతులు వణుకుతున్నాయి. నాకు ఒక చెయ్యే కదా విరిగింది."

అప్పట్నుంచి బడికి సెలవు పెట్టి, గంటగంటకూ ప్రేమకుమారే దగ్గర కూర్చుని వేళ్లు ఆడించింది. కట్టు విప్పాక మణికట్టు వంకరగానే ఉంది. అయినా కొద్దివారాల్లో రావమ్మ తన అన్నం తను కలుపుకుంది, తన జడ తను వేసుకుంది. కళ్లు తిరగకుండా డాక్టరు మందు మార్చి, లేచేముందు కాసేపు మంచం మీదే కూర్చోమన్నాడు.

ప్రేమకుమారి మాత్రం ఇప్పటికీ బడిలో బెల్లు మోగితే చాలు, వరండాలోకొచ్చి ఇంటికి ఫోన్ చేస్తుంది.

"పడలేదు కదమ్మా?"

"పడితే ఫోనెట్టా ఎత్తుతానే? పోయి పాఠం చెప్పుకో."

సరేనని పెట్టేస్తుంది. తరవాతి బెల్లు దాకా మనసు మాత్రం ఆ గడప దగ్గరే తచ్చాడుతుంటుంది.