అరబ్బుల ఉల్లిపాయ

ఉల్లిపాయలు తరుగుతుంటే నాకు కన్నీళ్లకంటే ముందు ప్రసాద్ అంకుల్ గుర్తొస్తాడు. వెంటనే ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు అమెరికాలో, ప్లేనో ఊళ్లో మా పక్కింట్లో బోలా ఆంటీ ఉండేది. నైజీరియావాళ్లు, ఇంట్లో యోరుబా మాట్లాడేవాళ్లు. ఒకసారి వాళ్ల కిచెన్‌లో ఎర్రటి పులుసు కుతకుతలాడుతుంటే, ఉల్లిపాయని తమ భాషలో అలుబోసా అంటారనీ, అది ఎప్పుడో అరబ్బుల నుంచి వచ్చిన మాటనీ చెప్పింది. "చర్చిలో నేను చేసే ప్రార్థనా ఆదురానే, మసీదులో మా అన్నయ్య చేసేదీ ఆదురానే. అదీ అరబ్బుల మాటే," అంది.

ఆదివారాలు తన గరాజ్‌లో మాకు తెలుగు క్లాసు చెప్పే ప్రసాద్ అంకుల్‌తో ఈ సంగతి అన్నాను. ఆయన పెదవి విరిచాడు. "ఉల్లిపాయకీ ప్రార్థనకీ కూడా సొంత మాట లేదా? అంతా అరువు. మన తెలుగు ఎవరి ముందూ చెయ్యి చాపలేదు."

అరువు తెచ్చుకుంటే తిరిగి ఇచ్చెయ్యాలి కదా, లైబ్రరీ పుస్తకంలాగా. ఆంటీ మీద జాలేసి, "ఆ మాటలు ఎప్పుడు రిటర్న్ చేస్తారు?" అని అడిగాను. ఆవిడ గరిటె పట్టుకునే పడీపడీ నవ్వింది. "ఇన్నాళ్లు వండుకుని తిన్నాక ఇంకేం ఇస్తాం?"

మొన్న మా అమ్మాయిని అదే గరాజ్‌లో దింపాను. అంకుల్ అదే గొప్ప మళ్లీ చెప్పుకుని, కళ్లజోడు సర్దుకుని, "ఇక హాజరు," అంటూ పేర్లు పిలిచాడు. ఆ హాజరూ, పిల్లల్ని గద్దించి అడిగే జవాబూ అరబ్బుల దగ్గర్నుంచి వచ్చినవే. చెబుదామనుకుని ఊరుకున్నాను. ఆ హాజరు లాగేసుకుంటే, క్లాసు మొదలుపెట్టడానికి పాపం ఆయనకి సొంత మాట లేదు.